గడువు దాటలేదు, తప్పు చేయలేదు: వీసా ఎందుకు రద్దయింది?

ప్రశ్నలు - జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం విజిటర్ వీసాల గురించే వచ్చాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడు ఊళ్ల నుంచీ రాశారు. "మేం ఏ రూలూ తప్పలేదు, అయినా వీసా పోయింది" అన్న బాధ అన్నిటిలోనూ ఉంది. ఆ మాట నేను నమ్ముతున్నాను. రాసినవాళ్ల పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేసి జవాబులిస్తున్నాను.

ప్రశ్న: మాది ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం. మా అబ్బాయి అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. నాకు, మా ఆయనకు పదేళ్ల విజిటర్ వీసా ఉంది. మొదటిసారి వెళ్లి గడువు లోపే వచ్చేశాం. రెండోసారి వెళ్తే ఎయిర్‌పోర్టులోనే ఆపి, సూట్‌కేసుల్లోని చీరలన్నీ బయటికి తీయించారు. మా ఫోన్లు తీసుకుని చూశారు. రాత్రంతా కూర్చోబెట్టి, వీసా మీద క్యాన్సిల్ అని రాసి, మరుసటి విమానానికి ఎక్కించేశారు. ఆ చీరలు కోడలికి, ఆమె స్నేహితురాళ్లకు తీసుకెళ్లినవి. మేం చేసిన నేరమేమిటి?
– ఒక తల్లి, ధర్మవరం

జవాబు: అమ్మా, మీరు నేరం చేయలేదు. ఆ రాత్రి మీరు పడిన అవమానం మీ ఉత్తరంలో తెలుస్తూనే ఉంది. కానీ మీరు పంపిన కాగితాలు రెండుసార్లు చదివాను. ఆ అధికారికి ఏం కనిపించిందో మీకు చెప్పాలి.

ఇరవైకి పైగా చీరలు. ఒక్కో చీర అట్ట మీద షాపు ధర చీటీ అలాగే ఉంది. మీ ఫోన్ వాట్సాప్‌లో కోడలి స్నేహితురాలు పెట్టిన మెసేజ్: "మెరూన్ బార్డర్‌ది నాకే ఉంచండి ఆంటీ, డబ్బులు వచ్చాక ఇస్తాను." మనకిది మామూలు మాట. అమెరికా వెళ్లే ధర్మవరం వాళ్లను నాలుగు చీరలు తెమ్మని అడగనివాళ్లు ఉండరు. అధికారికి మాత్రం అది సరుకు తెచ్చి అక్కడ అమ్ముకోవడం. మీ దగ్గరున్న బీ1/బీ2 వీసా వ్యాపార పనులను పూర్తిగా కాదనదు. నమూనాలు చూపించి ఆర్డర్లు తీసుకోవచ్చు, సరుకు ఇండియా నుంచి పంపవచ్చు, ఒప్పందాలు మాట్లాడుకోవచ్చు. వెంట తెచ్చిన సరుకును అక్కడే చేతికిచ్చి డబ్బు తీసుకోవడానికి మాత్రం ఆ వీసా పనికిరాదు. పైగా అమ్మకానికి తెచ్చిన సరుకైతే కస్టమ్స్‌కు ముందే చెప్పాలి.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి. వీసా ఉంటే అమెరికా విమానాశ్రయం దాకా వెళ్లి లోపలికి రానివ్వమని అడగవచ్చు, అంతే. రానివ్వాలా వద్దా అన్నది అక్కడి బోర్డర్ అధికారి నిర్ణయం. అమెరికా చట్టంలో 214(బి) అనే సెక్షన్ ఉంది. దాని ప్రకారం సందర్శకుడిగా వచ్చే ప్రతి మనిషీ అక్కడే ఉండిపోవడానికి వచ్చాడనే ముందు అనుకుంటారు. కాదని నిరూపించుకోవలసిన భారం మనదే. 221(ఐ) సెక్షనైతే ఇచ్చిన వీసాను ఎప్పుడైనా వెనక్కి తీసుకునే అధికారం కాన్సులర్ అధికారులకు ఇస్తుంది. దానిమీద కోర్టుకు వెళ్లే దారి దాదాపు లేదు. అందుకే "రూల్ తప్పలేదు కదా" అన్న వాదన అక్కడ నిలబడదు. వాళ్లు చూసేది మీ ఉద్దేశం మీద తమకు నమ్మకం కుదిరిందా లేదా అని. ఈ పద్ధతి న్యాయంగా ఉందని నేననను. అరవై దాటిన మనుషులను రాత్రంతా కుర్చీలో కూర్చోబెట్టడం ఎవరు చేసినా తప్పే.

ఇక ఊరటనిచ్చే విషయం. మీకిచ్చిన కాగితం ఐ-275. అంటే లోపలికి వస్తామన్న అభ్యర్థనను మీరే వెనక్కి తీసుకున్నట్టు రాసుకున్నారు. ఐ-860 అనే కాగితం ఇచ్చి పంపితే వేరే సంగతి, కనీసం ఐదేళ్లు అమెరికా ముఖం చూడనివ్వరు. మీకు ఆ నిషేధం లేదు. మళ్లీ అప్లై చేసుకోవచ్చు. ఈసారి షాపు లైసెన్సు, జీఎస్టీ కాగితాలు, ఇంటి పన్ను రసీదులు వెంట తీసుకెళ్లండి. ఆ చీరల విషయం అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పండి. కోడలికి పెట్టే చీరలు రెండో మూడో ధర చీటీలు తీసేసి పట్టుకెళ్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

అక్కడ మీచేత సంతకం పెట్టించుకున్న ప్రశ్నోత్తరాల కాపీలో "వీటిని అమ్ముతారా?" అన్నదానికి "అవును" అని ఉంది. ప్రశ్న సరిగా అర్థం కాలేదని మీరు రాశారు. ఇది చదివేవాళ్లంతా గుర్తు పెట్టుకోండి: ఇంగ్లీషు అర్థం కాకపోతే తెలుగు దుబాసీ కావాలని అడగండి. ఫోన్లో కలుపుతారు. అర్థం కాని ప్రశ్నకు తలూపవద్దు, చదివి వినిపించని కాగితం మీద సంతకం పెట్టవద్దు. మీ మీద రికార్డుల్లో ఇంకా ఏం రాశారో తెలుసుకోవాలంటే మన సమాచార హక్కు లాంటి ఎఫ్ఓఐఏ చట్టం కింద వాళ్ల బోర్డర్ శాఖకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టవచ్చు. మీ అబ్బాయి చేత పెట్టించండి.

ప్రశ్న: మా అమ్మాయి పురుడుకు నేను, మా ఇంటావిడ అమెరికా వెళ్లి ఐదున్నర నెలలు ఉన్నాం. వచ్చిన రెండు నెలలకు మళ్లీ వెళ్లి ఐదు నెలలు ఉన్నాం. ఐ-94 గడువు ఒక్కరోజు కూడా దాటలేదు. మూడోసారి వెళ్తే "బిడ్డను ఎవరు చూసుకుంటారు?" అని అడిగారు. "మేమే, అమ్మాయి, అల్లుడు ఇద్దరూ ఉద్యోగాలకు పోతారు" అన్నాం. వెనక్కి పంపేశారు. ఏడాదికి 180 రోజులు ఉండవచ్చని అందరూ అంటారు కదా?
– రిటైర్డ్ టీచర్, హిందూపురం

జవాబు: మాస్టారూ, ఏడాదికి 180 రోజులు అనే లెక్క అమెరికా చట్టంలో లేదు. ఎన్ని రోజులుండాలో ప్రతిసారీ ఎయిర్‌పోర్టు అధికారి నిర్ణయించి ఐ-94లో తేదీ వేస్తాడు. ఆరు నెలలు ఇవ్వడం ఆనవాయితీ, హక్కు కాదు. మీ లెక్కే చూడండి. పన్నెండున్నర నెలల్లో పదిన్నర అక్కడే గడిచాయి. దీన్ని చుట్టపుచూపు అనుకోవడానికి అధికారికి మనసొప్పలేదు. దాని మీద, అల్లుడూ కూతురూ ఉద్యోగాలకు పోతే బిడ్డను మేం పెంచుతాం అన్న జవాబు. జీతమిచ్చి ఆయాను పెట్టుకునే పని మీరు చేస్తున్నారని వాళ్లు తీసుకునే ప్రమాదం ఉంది.

కూతురి పురుడుకు తల్లి వెళ్లడం, బాలింతకు పథ్యం వండడం, పసిబిడ్డకు నూనె రాసి నలుగు పెట్టి నీళ్లు పోయడం మనకు పని కింద లెక్క కాదు. అది తల్లి బాధ్యత. ఆ సంగతి దాచమని నేను చెప్పను. "కూతురు ప్రసవించింది, రెండు మూడు నెలలు దగ్గరుంటాం, ఫలానా తేదీకి తిరుగు టికెట్ ఉంది" అని చెప్పవచ్చు, అది నిజం కూడా అయి ఉండాలి. బిడ్డ బడికి పోయేదాకా వంతులవారీగా వియ్యంకులు ఆరు నెలలు, మీరు ఆరు నెలలు అనే ఏర్పాటు ఉంటే మాత్రం విజిటర్ వీసా దానికి సరిపోదు. ఈ మాట మీ అల్లుడికీ చెప్పండి. అక్కడ డేకేర్ ఖర్చు ఎక్కువ నిజమే, కానీ దానికి మూల్యం మీ పాస్‌పోర్టు కాకూడదు. అక్కడ ఎన్నాళ్లుంటే ఇక్కడ కనీసం అన్నాళ్లుండి వెళ్లండి. చట్టం అలా అనకపోయినా అది క్షేమం.

ఎక్స్‌టెన్షన్ గురించి కూడా అడిగారు. ఐ-94 తేదీ లోపే గడువు పొడిగించమని ఐ-539 దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ జవాబు రాకుండానే తేదీ దాటి, మీరు అక్కడుండగా అది రిజెక్ట్ అయితే పదేళ్ల వీసా ఆ క్షణమే చెల్లకుండా పోతుంది. దరఖాస్తు పెట్టాం కదా అని నిశ్చింతగా ఉన్న కుటుంబాలు ఇక్కడే దెబ్బతింటున్నాయి.

ప్రశ్న: అమెరికాలో ఒక సూపర్ మార్కెట్‌లో మనమే స్కాన్ చేసుకునే కౌంటర్ దగ్గర మా అమ్మ రెండు వస్తువులు స్కాన్ చేయడం మరిచిపోయింది. పోలీసులు వచ్చారు. తర్వాత కోర్టు కేసు కొట్టేసింది. అయినా ఇండియా వచ్చాక వీసా రద్దయినట్టు ఈమెయిల్ వచ్చింది. కోర్టే వదిలేశాక వీళ్లెలా రద్దు చేస్తారు?
– ఒక కుమారుడు, ధర్మవరం

జవాబు: చేయగలరు. కేసు ఎలా ముగిసినా అరెస్టు రికార్డు మిగిలిపోతుంది, వీసా రద్దుకు శిక్ష పడాల్సిన అవసరం లేదు. మద్యం తాగి కారు నడిపి దొరికినవాళ్లకూ ఇలాగే అవుతుంది. దొంగతనం, దాడి లాంటి కేసుల్లో చిక్కుకుంటే వీసా పోవచ్చని 2025 జులైలో ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయం బహిరంగంగానే హెచ్చరించింది. ఆ ఆగస్టులో, చెల్లుబాటులో ఉన్న ఐదున్నర కోట్ల వీసాలను తిరిగి పరిశీలిస్తున్నామని అమెరికా ప్రభుత్వం ప్రకటించింది. కాబట్టి పాత విషయాలు కూడా బయటికి వస్తాయి. కోర్టు నుంచి కేసు ముగింపు ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ తెప్పించి పెట్టుకోండి. మళ్లీ ఇంటర్వ్యూకు అదే ఆధారం. ఇక పెద్దవాళ్లను ఆ స్కానింగ్ కౌంటర్ల దగ్గరికి ఒంటరిగా పంపకండి.

ప్రశ్న: మా ఇంటి పై వాటాలో ఒక కొరియా అతను అద్దెకుండేవాడు. టూరిస్ట్ వీసా. మంచి మనిషి, ఏ గొడవా లేదు. ఒక చిన్న కంపెనీలో మెషిన్ బిగించడం చూపించడానికి నాలుగు రోజులు వెళ్లాడు. ఆ తర్వాత దేశం వదిలి వెళ్లమని నోటీసు వచ్చింది. జీతం కూడా తీసుకోలేదట. ఇంటి ఓనరుగా నాకేమైనా ఇబ్బందా?
– పెనుకొండ

జవాబు: ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ వచ్చాక పెనుకొండ చుట్టుపక్కల కొరియా వాళ్లకు ఇళ్లిచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. అందరికీ పనికొచ్చే ప్రశ్న ఇది. మన టూరిస్ట్ వీసా ఊళ్లు చూడటానికి, చుట్టాలను స్నేహితులను కలవడానికి, కొద్దికాలం యోగా నేర్చుకోవడానికి. జీతం తీసుకోకపోయినా మెషిన్ బిగించి చూపించడం పనే. దానికి బిజినెస్ వీసానో ఎంప్లాయ్‌మెంట్ వీసానో ఉండాలి. సరిగ్గా ఇలాంటి చిక్కే అమెరికాలో కొరియన్లకు వచ్చింది. 2025 సెప్టెంబరు 4న జార్జియా రాష్ట్రంలో హ్యుందాయ్, ఎల్‌జీ కలిసి కడుతున్న బ్యాటరీ ఫ్యాక్టరీ మీద దాడిచేసి 475 మందిని పట్టుకుంటే అందులో 300కు పైగా కొరియా వాళ్లే. వారిలో చెల్లే విజిటర్ వీసాలున్నవాళ్లూ ఉన్నారు. వీసా చెల్లుతోందా అన్నది ఒక ప్రశ్న, చేస్తున్న పనికి అది సరిపోతుందా అన్నది వేరే ప్రశ్న.

మీ సంగతికొస్తే, విదేశీయుడు ఇంట్లో దిగిన 24 గంటల్లోపు అతని వివరాల ఫారం (ఇదివరకు ఫారం-సి అనేవారు) ఆన్‌లైన్‌లో నింపాలి. ఇది హోటళ్లకే అనుకోవద్దు, అద్దెకిచ్చే ఇళ్లకూ వర్తిస్తుంది. 2025 సెప్టెంబరు 1 నుంచి 1946 నాటి ఫారినర్స్ చట్టం స్థానంలో కొత్త చట్టం అమల్లోకి వచ్చింది, ఈ బాధ్యత అందులోనూ ఉంది. ఆ ఫారం నింపి ఉంటే మీకు భయం లేదు. నింపకపోతే ఇప్పుడే పుట్టపర్తిలోని జిల్లా పోలీసు కార్యాలయానికి వెళ్లి చెప్పుకోండి. వాళ్లు వచ్చి అడిగేదాకా ఆగకండి.

పుట్టపర్తి ఆశ్రమానికో, పెనుకొండ బాబయ్య దర్గాకో వచ్చే విదేశీ భక్తుల గురించి ఇంకొకరు అడిగారు. దర్శనం చేసుకోవడం, ప్రవచనం వినడం టూరిస్ట్ వీసాతో కుదురుతుంది. తామే మత ప్రచారం చేయడం, ప్రార్థనా స్థలాల్లో ఉపన్యాసాలివ్వడం, కరపత్రాలు పంచడం కుదరదు. ఒక్కోసారి వీసా ఆగిపోవడానికి మనిషి ప్రవర్తనతో సంబంధమే ఉండదు. 2020 మార్చి 13 నుంచి కరోనా కారణంగా భారత ప్రభుత్వం టూరిస్ట్ వీసాలన్నీ నిలిపేసింది. ఐదేళ్ల ఈ-టూరిస్ట్ వీసాలున్నవాళ్లకు అవి మళ్లీ చెల్లింది 2022 మార్చిలోనే. పుట్టపర్తికి ఏటా వచ్చే భక్తులు ఎందరో ఏ తప్పూ లేకుండానే రెండేళ్లు రాలేకపోయారు.

ప్రశ్న: స్విట్జర్లాండ్ వీసా వచ్చింది. తర్వాత ఏజెంటు హోటల్ బుకింగులన్నీ క్యాన్సిల్ చేసి చవకవి చూస్తానన్నాడు. ఈలోగా వీసా రద్దు చేశారు. ఎందుకు?
– హిందూపురం

జవాబు: వీసా ఇచ్చాక కూడా బుకింగులు సరిచూస్తారు. మీ హోటళ్లన్నీ ఒక్కరోజే రద్దయ్యేసరికి, వీసా కోసమే ఉత్తుత్తి బుకింగులు చేశారనుకున్నారు. అక్కడ కనీసం కారణం రాసి కాగితమిస్తారు, అప్పీలుకు గడువు, చిరునామా కూడా అందులోనే ఉంటాయి. అది వదులుకోకండి. ఏ దేశంలో ఎక్కువ రోజులుంటారో ఆ దేశానికే అప్లై చేయాలన్నది కూడా స్విట్జర్లాండ్ కూడా ఉన్న షెంజెన్ దేశాల నిబంధన. త్వరగా వీసా వస్తుందని ఒక దేశానికి పెట్టి, వారమంతా ఇంకో దేశంలో తిరిగే ప్లాన్ ఉంటే అదీ రద్దుకు దారితీస్తుంది.

ప్రశ్న: రెండేళ్ల కిందట మా నాన్న అమెరికా వీసా ఎయిర్‌పోర్టులో రద్దు చేశారు. ఇప్పుడు మళ్లీ అప్లై చేస్తున్నాం. డీఎస్-160 ఫారంలో "మీ వీసా ఎప్పుడైనా రద్దయిందా" అన్నచోట "నో" పెడితేనే పని అవుతుందని ఏజెంటు అంటున్నాడు. పాస్‌పోర్టు కూడా కొత్తది తీసుకున్నాం కాబట్టి తెలియదంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక కూతురు, పెనుకొండ

జవాబు: అమ్మా, ఆ పని అసలు చేయకండి. పాస్‌పోర్టు మారినా మీ నాన్నగారి వేలిముద్రలు మారవు. రద్దు చేసిన వివరమంతా వాళ్ల కంప్యూటర్‌లో ఉంది. వీసా ఒకసారి రద్దయినా మళ్లీ రావచ్చు, వచ్చినవాళ్లున్నారు. అబద్ధం చెప్పి దొరికితే మాత్రం శాశ్వత నిషేధం పడుతుంది. దాన్నుంచి బయటపడటం చాలా కష్టం. లోపలికి రానివ్వకుండా వెనక్కి పంపారా అన్న ప్రశ్న కూడా ఆ ఫారంలోనే ఉంటుంది. రెండింటికీ "యెస్" పెట్టి, ఎప్పుడు, ఎక్కడ, ఏమైందో రెండు వాక్యాల్లో రాయండి. ఫారం నింపడంలో ఎవరు సాయం చేశారో అడిగే గడిలో ఏజెంటు పేరు కూడా రాయాలి. అప్పుడు అతనే జాగ్రత్తగా నింపుతాడు.

ఇప్పటికే "నో" పెట్టి సబ్‌మిట్ చేసేసి ఉంటే కంగారు పడకండి. సరిచేసిన కొత్త డీఎస్-160 నింపి, హైదరాబాద్ కాన్సులేట్ అపాయింట్‌మెంట్‌కు ఆ కొత్త నంబరు కలిపించండి. ఇంటర్వ్యూ రోజున కిటికీ దగ్గర అధికారి అడగకముందే మీ నాన్నగారినే ఆ సంగతి ఎత్తమనండి.