వేరుశనగలో అఫ్లటాక్సిన్ల విశ్లేషణ: నమూనా నుంచి క్రొమటోగ్రామ్ వరకు

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుచిక్కని వ్యాధితో మరణించాయి. మేతలో కలిపిన వేరుశనగ చెక్కలోని శిలీంధ్ర విషమే అందుకు కారణమని తరువాతి పరిశోధనలో తేలింది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ ఉత్పత్తి చేసే ఈ విషాలకే అఫ్లటాక్సిన్లని పేరు. అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరిసేవి బి1, బి2. ఆకుపచ్చగా మెరిసేవి జి1, జి2. వీటిలో బి1 అత్యంత విషపూరితం, కాలేయ క్యాన్సర్ కారకం. అనంతపురం వంటి మెట్ట ప్రాంతాల్లో కాయ ముదిరే దశలో బెట్ట ఏర్పడితే ఈ శిలీంధ్రం సోకే ప్రమాదం పెరుగుతుంది. అందువల్ల ప్రయోగశాల ఇచ్చే అంకె రైతు సరుకు భవితవ్యాన్నీ, తినేవారి ఆరోగ్యాన్నీ నిర్ణయిస్తుంది.

ఆ అంకెలో దొర్లే దోషంలో అధిక భాగం పరికరానిది కాదు, నమూనా సేకరణది. విషం అన్ని గింజల్లో సమంగా ఉండదు. బాగా బూజు పట్టిన ఒక్క గింజలో పది లక్షల పీపీబీ వరకు ఉండవచ్చు. అటువంటి అర గ్రాము గింజలో 500 మైక్రోగ్రాముల విషం ఉంటుంది. అది 25 కిలోల మంచి గింజల్లో కలిస్తే సగటు 20 పీపీబీ అవుతుంది. నేరుగా తినే వేరుశనగకు ఐరోపా సమాఖ్య అనుమతించే మొత్తం అఫ్లటాక్సిన్లు 4 పీపీబీ మాత్రమే. ఒకే బస్తా పైభాగం నుంచి గుప్పెడు గింజలు తీస్తే ఆ గింజ చేతికి రాకపోవచ్చు. వస్తే సరుకంతా విషమయమని తోచవచ్చు. కనుక అనేక బస్తాల్లో, వేర్వేరు లోతుల నుంచి గింజలు తీసి, మొత్తం నమూనాను మెత్తగా మర పట్టి, బాగా కలిపిన తరువాతే విశ్లేషణకు కావలసిన భాగాన్ని తూచాలి. మర పట్టకముందే నమూనాను తగ్గించడం చాలాచోట్ల కనిపించే అలవాటు. ఆ తరువాత ఎంత ఖరీదైన పరికరమైనా దానిని సరిదిద్దలేదు.

నిష్కర్షణకు సాధారణంగా మిథనాల్, నీటి మిశ్రమాన్ని వాడతారు. వడపోసిన ద్రవాన్ని ప్రతిరక్షకాలు గల శుద్ధి కాలమ్ గుండా పంపే ముందు ఫాస్ఫేట్ బఫర్‌తో పలుచన చేయాలి. మిథనాల్ గాఢత ఎక్కువైతే ప్రతిరక్షకాలు విషాన్ని పట్టుకోలేవు. ద్రవం చుక్కచుక్కగా దిగాలి. తొందరపడి ఒత్తిడి పెంచితే విషంలో కొంత పట్టుబడకుండానే జారిపోతుంది.

వేరుచేసే దశలో విద్యార్థులను తికమకపెట్టేది క్రమం. సిలికా జెల్ పలకపై క్లోరోఫారమ్, ఎసిటోన్ మిశ్రమంతో నడిపినప్పుడు బి1 అన్నిటికంటే పైకి, జి2 అన్నిటికంటే దిగువన నిలుస్తాయి. రివర్స్ ఫేజ్ హెచ్‌పీఎల్‌సీలో నీటిని ఎక్కువగా ఇష్టపడే జి2 ముందు వెలువడుతుంది. జి1, బి2 తరువాత బి1 చివరగా వస్తుంది. అయితే నీరు గల చలన ప్రావస్థలో బి1, జి1ల ప్రతిదీప్తి బాగా తగ్గిపోతుంది. ఈ సంగతి గమనించకపోతే అన్నిటికంటే ప్రమాదకరమైన బి1 తక్కువగా ఉన్నట్లు, లేదా లేనట్లే నమోదవుతుంది. అందుకే ట్రైఫ్లోరో ఎసిటిక్ ఆమ్లంతో ముందే చర్య జరుపుతారు, లేదా కాలమ్ దాటిన తరువాత బ్రోమిన్ చర్యకు గానీ అతినీలలోహిత కాంతికి గానీ లోను చేస్తారు. ఆమ్లచర్య జరిపితే వెలువడే క్రమం మళ్లీ మారి జి1, బి1, జి2, బి2 అవుతుంది. కనుక పాత పట్టికను చూసి శిఖరాలకు పేర్లు పెట్టకుండా, ఒక్కొక్క ప్రమాణ ద్రావణాన్ని అదే చర్యకు లోనుచేసి, విడివిడిగా నడిపి గుర్తించాలి.

ప్రతి విడతలోనూ విషరహిత నమూనాకు తెలిసిన మోతాదు కలిపి రాబడి శాతాన్ని లెక్కించాలి. 1 నుంచి 10 పీపీబీ స్థాయిలో బి1కు 70 నుంచి 110 శాతం రాబడి ఆమోదయోగ్యం. ప్రమాణ ద్రావణాలు కాంతికి చెడిపోతాయి కనుక ముదురు గోధుమరంగు సీసాల్లో, చల్లని చోట ఉంచాలి. వాడిన గాజు సామగ్రిని కడగడానికి ముందు సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో నానబెట్టాలి. చేతి తొడుగులు తప్పనిసరి.