సిజేరియన్ కుట్లు చీము పట్టకుండా...

ప్రశ్న: మేం ఒమన్‌లోని రుస్తాఖ్‌లో ఉంటున్నాం. మా ఆవిడకు సిజేరియన్ చేస్తారట. ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్ సోకుతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: మీ భయంలో అర్థముంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం సంపన్న దేశాల్లోనే, ఆసుపత్రిలో చేరిన ప్రతి 100 మందిలో ఏడుగురికి అక్కడే ఇన్ఫెక్షన్ సోకుతోంది. ఒమన్ ఆరోగ్య శాఖలో దీని నివారణకే ఒక ప్రత్యేక విభాగముంది. అయినా అసలు కాపలా మంచం పక్కనే ఉండాలి. ఆమెను ముట్టుకునే ముందు ఎవరైనా శానిటైజర్‌తో 20-30 సెకన్లు చేతులు రుద్దుకోవాలి. గ్లవుజులున్నా సరే! మొహమాటపడకుండా అడగండి. కోత పెట్టే చోట వెంట్రుకలు తీయడానికి ఇంట్లో బ్లేడు వాడొద్దు; ఆ గాట్లలో క్రిములు చేరతాయి. ఆపరేషన్‌కు పెట్టిన మూత్రం గొట్టం ఎప్పుడు తీస్తారో రోజూ అడగండి. ఇంటికొచ్చాక జ్వరం వచ్చినా, కుట్లు ఎర్రబడినా, చీము కారినా ఆరోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.