గాజు తొట్టిలో మీసాల చేప పిల్లలు

మన చెరువుల్లో దొరికే జెల్ల, వాలుగ, మార్పు, ఇంగిలాయి అన్నీ మీసాల చేపలే. వీటికి దూరపు చుట్టం దక్షిణ అమెరికాకు చెందిన కంచు కోరిడోరాస్. ఆరేడు సెంటీమీటర్లకు మించని ఈ చేప చేత ఇంట్లోనే పిల్లలు పెట్టించవచ్చు. పుస్తకంలో బొమ్మగా చూసే పిండాభివృద్ధిని కళ్ళారా చూడటానికి ఇంతకంటే చవకైన ప్రయోగశాల లేదని జంతుశాస్త్ర విద్యార్థులుగా మేము భావిస్తున్నాము.

పేరు: కోరిడోరాస్ ఈనియస్ అనే శాస్త్రీయ నామం 2024 వర్గీకరణలో ఆస్టియోగ్యాస్టర్ ఈనియాగా మారింది. పరీక్షలు రాసే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు గమనించగలరు.

తొట్టి: రెండడుగుల తొట్టి, స్పాంజి ఫిల్టరు చాలు. అడుగున మెత్తని ఇసుక పరవాలి. పదునైన రాళ్ళు వేస్తే మీసాలు దెబ్బతింటాయి. కుళాయి నీటిని ఒకరోజు బకెట్లో నిలవ ఉంచితే క్లోరిన్ పోతుంది. ఉష్ణోగ్రత 24 నుండి 26 డిగ్రీలు ఉండాలి. చేప పైకి వచ్చి గాలి మింగితే కంగారు పడనక్కరలేదు. అది పేగు ద్వారా కూడా ఆక్సిజన్ తీసుకుంటుంది.

జత కూర్చడం: పైనుండి చూస్తే పొట్ట వెడల్పుగా ఉన్నది ఆడచేప. ఒక ఆడచేపకు రెండు మగచేపలను వదలాలి. పది రోజులు వానపాము ముక్కలు మేపి, తరువాత మూడోవంతు నీరు తీసి, మూడు నాలుగు డిగ్రీలు చల్లనైన నీరు పోయాలి. వానలు మొదలయ్యాయని చేపలు జతకడతాయి.

గుడ్లు: ఆడచేప మగచేప శుక్రాన్ని నోటితో మింగుతుంది. అది పేగు గుండా వెళ్ళి, కటి వాజాల మధ్య పట్టుకున్న గుడ్లను చేరుతుంది. ఈ వింతను 1995లో జపాన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ గుడ్లను ఆడచేప అద్దానికి, ఆకులకు అంటిస్తుంది.

కాపాడటం: పెద్దచేపలు గుడ్లను తినేస్తాయి. కాబట్టి గుడ్లను మెల్లగా వేరే గిన్నెలోకి మార్చి, గాలి గొట్టం పెట్టి, లేత నీలం వచ్చేవరకు మిథిలీన్ బ్లూ చుక్కలు వేయాలి. తెల్లబడిన గుడ్డును వెంటనే తీసేయాలి, లేకపోతే బూజు పక్క గుడ్లకు పాకుతుంది. మూడు నుండి ఐదు రోజుల్లో పిల్లలు వస్తాయి. రెండు రోజులు సొన తిని బతుకుతాయి. తరువాత అప్పుడే పొదిగిన ఆర్టీమియా పిల్లలను మేతగా ఇస్తూ, రోజూ కొంచెం నీరు మార్చాలి.

హెచ్చరిక: ఎక్కువైన పిల్లలను తోటివారికి ఇవ్వండి, చెరువులో మాత్రం వదలకండి. అక్వేరియాల నుండి బయటపడిన సక్కర్ చేప మన చెరువుల్లో పెరిగి వలలు చింపుతోంది. ఆ నష్టం మోసేది మనలాంటి ఇళ్ళవారే. మన సరదా ఒక జాలరి కూడు తీయకూడదు. నేర్చిన విజ్ఞానం మన ఊరికి మేలు చేసినప్పుడే చదువు సార్థకం.