జెయింట్ వీల్ నడిమిట్ల ఆగినప్పుడు

చిరంజీవి స్రవంతికి,

దోస్తులందరు హైదరాబాద్ పోయిండ్రు, నేనొక్కదాన్నే తాండూర్ల మిగిలిన అని మెసేజ్ పెట్టినవు. ఫోన్ల మాట్లాడితే నువ్వు నడుమ ఏడుస్తవు, నేను నడుమ కోపానికొస్త. అందుకే కాగితం మీద పెడుతున్న.

భద్రేశ్వరుని జాతరల జెయింట్ వీల్ మీద నీ డబ్బా సగం ఎత్తుల ఆగితే "ఇంకెంతసేపు" అని పైనుంచి ఒకటే అరుసుడు! కింద రాట్నం తిప్పే పిల్లగాడు ఏం చేస్తుండెనో చూసినవా? లైన్ల నిలబడ్డోళ్లను వరుసగ డబ్బాలు నింపుకుంట పోడు. ఒక డబ్బాల ఇద్దరిని కూసోబెట్టి, చక్రాన్ని సగం తిప్పి, దానికి ఎదురు డబ్బాల ఇంకిద్దరిని కూసోబెడతడు. బరువంత ఒక్క దిక్కే పడితే మోటరు గుంజలేదు, ఆ దిక్కు దానంతటదే కిందికొస్తది. దించేటప్పుడు గూడ గదే లెక్క. 1893ల చికాగోల ఫెర్రిస్ అనే ఇంజినీరు కట్టిన 264 అడుగుల చక్రం గూడ జనాన్ని ఎక్కించుకుంట ఆగి ఆగి తిరిగిందే.

మీ ఇంట్ల గూడ గట్లనే అయింది. పోయినేడు బావకు నాపరాయి పాలిషింగ్ పని సరిగ నడవలే. ఉన్న పైసలు నీ తమ్ముని హాస్టల్‌కు పోయినయి, నీ పీజీ ఆగింది. నీకు తెలివి తక్కువై ఆగలే బిడ్డా. నడిమిట్ల ఆగినోళ్లకు తప్పంత తమదే అనిపిస్తది, అది నమ్మకు.

అయితే ఆ రాట్నం పిల్లగాడు ఒకసారి ఇటు ఎక్కిస్తే ఇంకోసారి అటు ఎక్కిస్తడు. ఈయేడు గూడ తమ్ముడే ముందు, నువ్వు ఆగు అన్నరనుకో, దాన్ని బరువు సర్దుడు అనరు. మా అక్క ఇల్లయినా సరే, ఊకోకు.

చిన్నప్పుడు బుల్లి కార్ల రాట్నంల స్టీరింగ్ చెమటలు పట్టేదాక తిప్పేదానివి. అది దేనికీ తగిలి ఉండదు, కారు దాని పట్టాల మీద అది పోతది. మేం పెద్దోళ్లం ఇట్లాంటి స్టీరింగులు శాన ఇస్తం. ఏం చదువుతవ్ అని అడుగుతం, ఫారం మేమే నింపుతం. నీ డిగ్రీ గ్రూపు గట్లనే అయింది. నుమాయిష్‌ల డ్యాషింగ్ కార్లు వేరు. తిప్పినకాడికి తిరుగుతయి, మందివి వచ్చి గుద్దుతయి గూడ. చుట్టాలు "ఆడపిల్లకు ఇంక చదువెందుకు" అంటరు, మేనత్త మొదలుపెడతది. అననీ.

పీజీ ఎంట్రెన్స్ సీపీగెట్ ఫారం ఈసారి నువ్వే నింపు. ఉస్మానియాల సీటొస్తే హాస్టల్‌కు దరఖాస్తు పెట్టు, ఈ-పాస్‌ల స్కాలర్‌షిప్‌కు గూడ. ఆదాయం, కులం సర్టిఫికెట్లకు మీ సేవల ఇప్పుడే ఇయ్యి, ఆఖరి రోజు దాక ఆగితే సర్వర్ పనిచెయ్యదు. పరీక్ష ఫీజు నేను కడత. ఇది బావకు చెప్పినా ఏం కాదు.

ఆదివారం పొద్దుగాల రైలుకు వస్తున్న. అమ్మనాయనలతోని నేనూ మాట్లాడత, గానీ నేనొచ్చేలోపు నువ్వొకసారి అడిగి ఉండాలె.

మీ మామ