శ్రమకు లోహరూపం

మానవ నాగరికత శ్రమ పునాదిపై నిలిచింది. కోటలు, కోవెలలు, కాలువలు, తోటలు అన్నీ శ్రమఫలాలే. అయినా చరిత్ర కట్టించిన వారి పేర్లను భద్రపరచినంత శ్రద్ధగా, కట్టిన వారి పేర్లను భద్రపరచలేదు. లాలాపేట నుండి తార్నాక మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో అడుగుపెడితే, లేత గులాబీ రంగు గ్రానైటు రాతితో కట్టిన ఆర్ట్స్ కళాశాల భవనం గంభీరంగా దర్శనమిస్తుంది. 1939లో ప్రారంభమైన ఆ భవనంతో పాటు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు, వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ పేరు చరిత్రలో నిలిచాయి. ఆ రాళ్ళను చెక్కి, మోసి, పేర్చిన వారి పేర్లు మాత్రం లోకానికి తెలియవు.

మన నగరంలో విగ్రహాలకు కొరత లేదు. 1986లో ట్యాంక్‌బండ్‌పై ప్రతిష్ఠించిన విగ్రహాలలో రాజులు, కవులు, వాగ్గేయకారులు, సంస్కర్తలు ఉన్నారు. వారందరూ పూజనీయులే. కాని వారిలో ప్రతి ఒక్కరికీ ఒక పేరు ఉంది. పేరు లేని శ్రామికునికి విగ్రహం ఉండదా?

ఉంటుందని మద్రాసు సముద్రతీరం సమాధానం చెబుతుంది. అక్కడి మెరీనా తీరంలో 1959లో ‘శ్రమ విజయం’ అనే కంచు శిల్పాన్ని నెలకొల్పారు. నలుగురు కార్మికులు ఒక పెద్ద బండరాయిని కదిలించడానికి పెనుగులాడుతున్న దృశ్యమది. దీనిని రూపొందించిన దేవీప్రసాద్ రాయ్ చౌధురి మద్రాసు చిత్రకళా పాఠశాలకు అధ్యక్షత వహించిన తొలి భారతీయుడు. అంట్యాకుల పైడిరాజు వంటి తెలుగు చిత్రకారులు ఆయన వద్ద విద్య నేర్చారు. ఆ పాఠశాల రాత్రి కాపలాదారే ఈ శిల్పంలోని ఒక మూర్తికి నమూనాగా నిలిచాడని చెబుతారు. బిగిసిన కండరాలలో, వంగిన వెన్నులలో శ్రమలోని బాధ, పట్టుదల రెండూ కనిపిస్తాయి. ఆ నలుగురు ఏ ఊరివారో, ఏ కులంవారో శిల్పి చెప్పలేదు. చెప్పకపోవడం వల్లనే వారు శ్రామికులందరికీ ప్రతినిధులైనారు.

ఇటువంటి శిల్పాలకు కంచును ఎన్నుకోవడంలో ఔచిత్యం ఉంది. మైనపు నమూనా చుట్టూ మట్టి పూత పట్టించి కాలుస్తారు. మైనం కరిగిపోగా ఏర్పడిన ఖాళీలో కరిగిన కంచును పోస్తారు. రాగి, తగరం కలిసిన ఈ లోహం ఎండవానలకు తట్టుకొని తరతరాలు నిలుస్తుంది. పొలంలోను, తోటలోను ఎండకు ఎండి, వానకు తడిసిన మనిషిని ఆరుబయటనే నిలపడం సముచితం కదా!

ద్రాక్షతోట కూలీకి కూడా ఈ గౌరవం దక్కింది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో నాపా లోయ ద్రాక్షతోటలకు ప్రసిద్ధి. ఆ లోయ ముఖద్వారం వద్ద గుట్టపై, జీనో మైల్స్ అనే శిల్పి మలచిన భారీ కంచు విగ్రహాన్ని 1988లో ఆవిష్కరించారు. ద్రాక్షరసం తీసే యంత్రాన్ని ఒంటి బలంతో నడుపుతున్న శ్రామికుని రూపమది. ఆ లోయకు కీర్తి తెచ్చిన తోట కార్మికులకు అది స్మారకం.

హైదరాబాదు కూడా ఒకనాడు ద్రాక్షకు పేరుపొందిన నగరమే. ‘రాజయోగ్యమైన ద్రాక్ష’ అని అర్థమిచ్చే ‘అనాబ్-ఎ-షాహీ’ రకం ఇక్కడి తోటలలోనే ప్రసిద్ధి పొందింది. మేడ్చల్, శంషాబాద్ ప్రాంతాలలో రాతి స్తంభాలపై తీగలు లాగి పందిళ్ళు వేసి ద్రాక్షను పెంచారు. ‘తార్’ అనగా తీగ, ‘నాకా’ అనగా కాపలా ఠాణా. తీగ కంచె వేసిన తోట వల్లనే తార్నాకకు ఆ పేరు వచ్చిందని కూడా చెబుతారు. నగరం విస్తరించింది, భూగర్భ జలాలు అడుగంటాయి, తోటలలో అనేకం ఇళ్ళ స్థలాలుగా మారాయి.

పందిరి ద్రాక్ష సాగులో ఏటా రెండుసార్లు కొమ్మలు కత్తిరించాలి. గుత్తులలో అదనపు కాయలను ఏరివేయాలి, మందు చల్లాలి, పండిన గుత్తులను నలగకుండా కోయాలి. ఈ పనులలో ఎక్కువ భాగం తల పైకెత్తి, చేతులు చాచి చేయవలసినవే. మెరీనా కార్మికుడు బండపైకి వంగి ఉంటాడు. మన ద్రాక్షతోట కూలీకి ఎవరైనా శిల్పం మలిస్తే, ఆమె ఆకాశం వైపు చేతులెత్తి నిలుచుంటుంది. ఆ చేతులు ప్రార్థనకు లేచినవి కావు, పనికి లేచినవి.

అయితే విగ్రహం నిలిపినంత మాత్రాన ఋణం తీరదు. న్యాయమైన కూలి, నీడ, మంచినీరు, మర్యాదగల మాట - ఇవి సజీవుడైన శ్రామికునికి మనం చెల్లించవలసిన గౌరవాలు. కంచు విగ్రహం ఆ కర్తవ్యాన్ని గుర్తు చేయడానికే గాని మరపించడానికి కాదు. పండు తిన్నవాడు చెట్టునే కాదు, చెట్టును పెంచిన చేతిని కూడా తలచుకోవాలి.

ప్రశ్నలు

1. ‘శ్రమ విజయం’ శిల్పంలోని మూర్తులకు పేర్లు లేకపోవడంలోని ఔచిత్యాన్ని వివరించండి.
2. హైదరాబాదు ద్రాక్షసాగులో కూలీలు చేసే పనులను తెల్పండి.
3. మీ ప్రాంతంలో ఏ శ్రామికులకు విగ్రహం ఉండాలని మీరు భావిస్తారు? ఎందుకు?