సెల్‌ఫోను కూడ పనిముట్టే

నెల్లూరు జిల్లా బోగోలు మండలములోని జువ్వలదిన్నె సముద్రపు ఒడ్డున నున్న గ్రామము. ఈ ప్రాంతమున చేపల వేట, వరి సేద్యము, రొయ్యల పెంపకము ముఖ్యమైన జీవనాధారములు. ఈ మూడు వృత్తులవారి చేతిలోను నేడు సెల్‌ఫోను కలదు. కొడవలి వలెనే ఇదియు ఒక పనిముట్టు. పట్టు తెలిసినవానికి పని చేసి పెట్టును. తెలియనివాని చేయి కోయును.

ఒక గుంట కథ

ఈ తీరమున ఒక రొయ్యల గుంట కట్టపై రాత్రి కాపలా నున్న యువకుడు చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకొని ఫోనులో ఆట ఆడుచుండెను. తెల్లవారుజామున కరెంటు పోయి ఏరేటర్లు ఆగినవి. చప్పుడు ఆగిన సంగతి అతనికి వినబడలేదు. తెల్లవారుసరికి చాల రొయ్యలు చచ్చి తేలినవి. "సారూ, మేత ఖర్చు రాసుకున్నా, మందుల ఖర్చు రాసుకున్నా. ఈ ఆట ఖర్చు మాత్రం లెక్కలో రాసుకోలేదు" అని ఆసామి నాతో అనెను.

రాత్రివేళ గుంటలోని రొయ్యలు, నాచు ప్రాణవాయువును పీల్చుకొనుచుండును. వెలుతురు లేనందున నాచు దానిని తిరిగి విడువజాలదు. అందుచేత నీటిలో కరిగిన ప్రాణవాయువు తెల్లవారుజామున అతి తక్కువగా నుండును. కాపలా కష్టమైనది గూడ ఆ వేళనే. కావున కాపలాలో నున్నవారు చెవులు మూసుకొనరాదు. పగలు తీరిక వేళ అరగంట ఆడుకొన్న తప్పు లేదు. వేటకు పోవువారు ఆటలతో బ్యాటరీ ఖర్చు చేయరాదు. ఒడ్డుకు దగ్గరగా, సిగ్నలు అందు చోట, ఆపదలో పిలుచుటకు ఆ బ్యాటరీయే దిక్కు.

పైకము పెట్టి ఆడు ఆటలు

తూర్పు తీరమున ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషేధము. చేతిలో పని యుండదు. నిషేధ కాలపు భృతి ఖాతాలో పడును. రమ్మీ, పందెముల సందేశములకు పడిపోవుటకు ఇంతకన్న అనువైన సమయము లేదు. ఈ ఆటలలో నిర్వాహకుడు ప్రతి ఆటకు తన వాటా ముందే తీసికొనును. కావున ఎవరు గెలిచినను ఆడినవారందరి సొమ్ము మొత్తము మీద తగ్గుచునే యుండును. మొదట కొద్దిగా గెలుచుట గాలమునకు గుచ్చిన ఎర వంటిది.

మన రాష్ట్రము 2020 లోనే ఆన్‌లైన్ జూదమును నిషేధించుచు చట్టమును సవరించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టము పైకముతో ఆడించు ఆన్‌లైన్ ఆటలను దేశమంతట నిషేధించెను. అట్టివి నడుపువారికి 3 సంవత్సరముల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. ఇంకను ఎవరైన లింకు పంపినచో అది దొంగ వ్యవహారమని తలచవలెను.

మోసము నుండి కాపాడుకొనుట

1. "పి.యం. కిసాన్ సొమ్ము ఆగినది, ఈ ఫైలు తెరువుము" అను సందేశము వచ్చినచో తెరువరాదు. రైతు సేవా కేంద్రములో విచారింపవలెను.

2. మనకు సొమ్ము వచ్చుటకు పిన్ నంబరు అక్కరలేదు. పిన్ అడిగినారనిన మన సొమ్ము పోవుచున్నదని అర్థము.

3. ఓ.టి.పి. ని బ్యాంకువాడనని చెప్పినవానికి గూడ చెప్పరాదు.

4. సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపిన, ఆ సొమ్మును దారిలో నిలుపుటకు అంత వీలు కలుగును.

మేలైన వాడుక

మేఘదూత్ యాప్‌లో మంగళ, శుక్రవారములందు జిల్లావారీ వాతావరణ సలహాలు వచ్చును. భారీవర్ష సూచన యున్నప్పుడు యూరియా చల్లుట ఆపినచో ఎరువు కొట్టుకొనిపోదు. రొయ్యలకు మేత తగ్గింపవచ్చును. దామిని యాప్ పిడుగుల హెచ్చరిక నిచ్చును. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రపు అలల స్థితిని, చేపలు దొరకు తావులను తెలుపును. ఫోనులో చదువలేనివారు 1800-180-1551 కిసాన్ కాల్ సెంటరుకు ఉదయము 6 నుండి రాత్రి 10 గంటల వరకు ఉచితముగా ఫోను చేసి, తెలుగులోనే సలహా పొందవచ్చును. తుపాను కాలమున వాట్సాప్‌లో తిరుగు పాత ఫోటోలను నమ్మక, వాతావరణ శాఖ ప్రకటననే నమ్మవలెను.

గ్రామోద్యోగులకు మనవి

1930 నంబరును సచివాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుడు. వేట నిషేధము మొదలగుటకు ముందే ఒక సాయంకాలము పడవలవారిని, గుంటల కాపరులను పిలిచి ఈ విషయములు చదివి వినిపించుడు. సముద్రముతోను, వానతోను పోరాడి సంపాదించిన సొమ్ము అరచేతిలోని అద్దములో పోగొట్టుకొనకుండ చూచుట మనందరి బాధ్యత.