ఇసుకనేలలోని ఇలకోడి యేమి తినును?

విద్యార్థులారా! మన నెల్లూరు తీరమున, మైపాడు ప్రాంతమువంటి చోట్ల, సరుగుడు తోటలను చూచియుందురు. ఈ చెట్టు మన తీరమున 19వ శతాబ్దమున విరివిగా నాటబడినది. కార్తికపు వానలకు నాటిన లేతమొక్క రాత్రికిరాత్రి మొదలంట తెగిపోయినచో ఆ నష్టము రైతునకే తెలియును. ఆ నేరము తరచుగా ఇలకోడిపై బడును. అది యెంతవరకు నిజమో విచారింతము.

ఇది యిండ్లలో కూయు చిన్న కీచురాయి కాదు. రెండంగుళములకు దాపైన గోధుమవన్నె జాతి. శాస్త్రజ్ఞులు దీనిని బ్రాకిట్రూపెస్ పోర్టెంటోసస్ అనిరి. పగలెల్ల బొరియలో నుండి, రాత్రి వెలికివచ్చి, మొలకలను కొరికి లోనికి లాగికొనిపోవును. బొరియను వెదకునపుడు అలల దాపున నున్న రంధ్రములను నమ్మరాదు; అవి పీతలవి. నేనొకప్పుడు అట్టిదానిని గంటసేపు త్రవ్వి నవ్వులపాలైతిని.

బొరియలోనికి లాగిన ఆకెల్ల తిన్నదే యనరాదు. కావున పురుగు పెంటికలను పరీక్షింపవలెను. ఆకుమీది మైనపుపొర కీటకముల కడుపులో జీర్ణము గాదు. పెంటికను నీట నానబెట్టి, విడదీసి, సూక్ష్మదర్శినితో చూచిన, పొరతునుకలపై పత్రరంధ్రములు కానవచ్చును. గడ్డిజాతులలో నవి వరుసలు దీరియుండును, వేరుసెనగయందు చెదరియుండును. సరుగుడు వింత వేరు. మనము ఆకులనుకొను పచ్చని పుల్లలు నిజముగా కొమ్మలే. ఆకులు కణుపులయొద్ద సన్నని పొలుసులుగా నుండును, రంధ్రములు పుల్లల గాడులలో దాగియుండును. రావణాసురుని మీసములు మొదలుగా అచ్చట పెరుగు ప్రతి మొక్క పొరను ముందే చూచి బొమ్మ గీచికొననిచో, పోల్చుట కేమియు నుండదు. ఇది విసుగు పుట్టించు పని, అయినను విడువరాదు.

ఈ పద్ధతి కొక లోపము గలదు. గడ్డిపొర గట్టిది గనుక మిగులును. మొలకల మెత్తని కాండము జాడలేక కరగిపోవచ్చును. పెంటికలలో గడ్డి యధికముగా నున్నంతమాత్రమున ఇలకోడి నిర్దోషి కాదు. అందుచే పురుగును ఇసుకకుండలో నుంచి, తూచిన గడ్డిని, తూచిన మొలకలను పెట్టి, మరునాటి యుదయమున మిగిలినదానిని తూచవలెను. ఆకులు వాడి తగ్గు బరువు తెలియుటకై పురుగులేని కుండ నొకదానిని ప్రక్కన నుంచవలెను. కొరికి తినక విడిచిన మొలకలను వేరుగా లెక్కింపుడు; రైతునకు ఆ నష్టమును నష్టమే.